ముందు 2504, తరవాత 1526

నన్నడిగితే తొంభైల్లో తెలుగు సినిమాకి 1991ని మించిన ఏడాది లేదు. 1993 అని కొట్లాడేవాళ్ళున్నారు, 1995 అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో వాదనకి దిగితే తెల్లారిపోతుంది. నా లెక్క వేరు. ఆ ఏడాది మిగతా రాష్ట్రానికి డిసెంబరు 31న అయిపోయింది. మా ఊళ్ళో మటుకు 1992 మే దాకా నడిచింది. అదీ వరసగా కాదు, వెనకది ముందుకీ ముందుది వెనక్కీ.

మా ఊరు కందుకూరికి ఎనిమిది మైళ్ళు. అప్పటికి మాది ప్రకాశం జిల్లా. 1970లో ప్రకాశం ఏర్పడక ముందు నెల్లూరు, 2022లో మళ్ళీ నెల్లూరు. మా అవ్వ అయితే ఈ మార్పుల్ని లెక్కే చెయ్యలేదు. పోయేదాకా ఎవరడిగినా "మాది నెల్లూరు జిల్లా" అనే చెప్పింది. చివరికి గవర్నమెంటే ఆమె మాటకి వచ్చింది, కానీ వినడానికి ఆమె లేదు.

ఊరి బయట చెరువు కట్ట కింద టూరింగ్ టాకీస్ ఉండేది. మేం టెంటు అనేవాళ్ళం. నిజానికి అప్పటికే గుడ్డ డేరా పోయి తాటాకు కప్పు, చుట్టూ నడుమెత్తు మట్టిగోడ వచ్చాయి, పేరు మాత్రం పోలేదు. నేల రూపాయి, బెంచీ రెండు, కుర్చీ మూడు. నేలంటే ఇసకే. ఇసకని కుప్ప పోసుకుని దానిమీద కూర్చుంటే ముందువాడి తల అడ్డం రాదు. కానీ వెనకవాడికి మన తల అడ్డం. వాడు కాలి బొటనవేలితో మన కుప్పని మెల్లగా తవ్వుతా ఉంటాడు. మొదటి రీలు అయ్యేసరికి అందరం మళ్ళీ ఒకే ఎత్తుకి వచ్చేవాళ్ళం.

సాయంత్రం మైకులో ఘంటసాల వెంకన్న పాట మొదలైందంటే టిక్కెట్లు ఇస్తున్నట్టు. మా అమ్మ ఆ పాటకే అన్నం గంజి వార్చేది. పాట అయిపోయేలోపు తినాలి, తిని పరిగెత్తాలి. బొరుగులు జేబులో పోసుకోవడం వేరే పని.

సినిమా మా దాకా రావడం పెద్ద ప్రయాణం. మన సినిమా వ్యాపారంలో నైజాం, సీడెడ్, కృష్ణా, గుంటూరు లాగా నెల్లూరు కూడా విడిగా ఒక ఏరియా. ప్రింటు ముందు నెల్లూరులో ఆడాలి, తరవాత కావలి, కందుకూరు లాంటి ఊళ్ళు తిరగాలి, వాటిలో కలెక్షన్లు పడిపోయాక మాలాంటి చోట్లకి. వచ్చేసరికి తెర మీద ఎండాకాలంలో కూడా వాన పడేది. బాక్సుతో పాటు డిస్ట్రిబ్యూటరు మనిషి ఒకడు వచ్చేవాడు, రిప్రజెంటేటివ్. రోజూ ఎన్ని టిక్కెట్లు తెగాయో చూసి రాసుకోవడం ఆయన పని. కుర్చీలో ముందు వరసలో కూర్చుని సినిమా వైపు కాకుండా జనం వైపు చూసే మనిషి ఆయనొక్కడే.

కాబట్టి సినిమా కన్నా ముందు మాకు అన్నీ వచ్చేవి. ముందు క్యాసెట్టు. కందుకూరులో పాటలు ఎక్కించే షాపు వాడికి కాగితం మీద లిస్టు రాసిస్తే రెండు రోజుల్లో ఇచ్చేవాడు. తరవాత సెలూన్లో సితార, జ్యోతిచిత్ర. తరవాత శుక్రవారం చిత్రలహరి, ఊరికి ఉన్న రెండు టీవీల్లో దేని ముందు చోటు దొరికితే అక్కడ. తరవాత గోడ మీద పోస్టరు. ఆఖరికి ఎప్పుడో సినిమా. అప్పటికి కథంతా నోటికొచ్చి ఉండేది, చాలావరకు తప్పుగా.

ఆ ఏడాది సంక్రాంతికి స్టూవర్టుపురం పోలీస్‌స్టేషన్, సీతారామయ్యగారి మనవరాలు వచ్చాయి. మొదటిదాని మీద మా కుర్రాళ్ళకి ఆశ ఎక్కువ. చిరంజీవి, పైగా చీరాల పక్కనుండే ఊరి పేరు, యండమూరి వీరేంద్రనాథ్ డైరెక్షన్. తీరా చూస్తే మాకు నచ్చలేదు, పెద్దవాళ్ళకీ నచ్చలేదు. దాని గురించి అంతకు మించి చెప్పేదేం లేదు.

రెండోది ఏప్రిల్లో మా టెంటుకొచ్చింది. మా అవ్వ సినిమా మనిషి కాదు. దీపం పెట్టే వేళ ఇల్లు విడిచి చీకట్లో కూర్చోవడం ఆమెకి నచ్చేది కాదు. నాగేశ్వరరావుదీ, మనవరాలి కథ అనీ ఎవరో చెబితే ఎట్నో కదిలింది. గోనెపట్టా ఒకటి చంకలో పెట్టుకుని వచ్చింది, ఇసక మీద కూర్చోనని. మనసులో పెద్ద దుఃఖం దాచుకుని తాత ఇంటికొచ్చిన పిల్లగా మీనా. రోహిణీ హట్టంగడి నాయనమ్మ. కీరవాణి పాటలు. ఆడవాళ్ళ వైపు నుంచి ముక్కులు చీదే శబ్దం మైకు కన్నా గట్టిగా వినపడింది. ఇంటికొచ్చాక అవ్వ ఒక్క మాట అనలేదు. మర్నాడు సాయంత్రం వెంకన్న పాట మొదలవగానే గోనెపట్టా కోసం వెతుకుతా ఉంది. "నిన్న చూశావు గదే అవ్వా" అంటే, "నిన్న ఏడుపుతో సగం కనపళ్ళా" అంది.

గ్యాంగ్‌లీడర్ మే 9న విడుదలైంది. ఇది టెంటుకొచ్చేదాకా ఆగడం మా వల్ల కాదు. కందుకూరు పోవాల్సిందే. నేనూ మా చిన్నాయన కొడుకూ ఒక ఈడు వాళ్ళం, ఇద్దరం తొమ్మిదో తరగతికి వస్తున్నాం. మా నాయన ఒక షరతు పెట్టాడు: వేలం ప్లాట్‌ఫారంలో పొగాకు బేళ్ళు అమ్ముడుపోవాలి, డబ్బులు చేతికి రావాలి, అప్పుడు పంపిస్తా. బేళ్ళ వంతు ఇరవై రెండో తారీకు. రెండు వారాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాం.

మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో రాజీవ్‌గాంధీని చంపేశారు. మాకు పొద్దున రేడియోలో తెలిసింది. మాటలు తక్కువ, సన్నాయి ఎక్కువ. హైదరాబాదులో ఎన్టీఆర్ థియేటర్లు తగలబెట్టారని మధ్యాహ్నానికి ఎవరో చెప్పారు. బస్సుల్లేవు, కొట్లు మూసేశారు. ఎడ్ల బండి మీదకెక్కించిన బేళ్ళు మళ్ళీ దించారు. అరుగు మీద పెద్దవాళ్ళంతా తల పట్టుకుని కూర్చుంటే, మేమిద్దరం సినిమా పోయిందని గొడ్ల చావిడిలో ఏడ్చాం. మమ్మల్ని చూసిన మా పెద్దనాయన, "పసిబిడ్డలకి కూడా ఎంత బాధగా ఉందో చూడండి" అని అందరికీ చూపించాడు. ఆ తప్పు ఆయనకి ఇప్పటిదాకా చెప్పలేదు.

జూన్ రెండో వారంలో చూశాం. విజయ బాపినీడు డైరెక్షన్, బప్పీలహరి పాటలు, ముగ్గురన్నదమ్ముల్లో చిన్నవాడు చిరంజీవి, నిర్మలమ్మ బామ్మ. ఆ సినిమా గురించి కొత్తగా చెప్పడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. నాకు గుర్తున్నది డాన్సు కూడా కాదు, ఒక పాటలో పక్కవాడు తువ్వాలు గాల్లోకి విసిరితే అది పైన ఫ్యాను రెక్కకి చుట్టుకుని సినిమా అంతా మా నెత్తిన తిరిగింది. బడి తెరిచాక "రఫ్ఫాడిస్తా" అనే మాట వాడినందుకు లెక్కల మాస్టారు వరసగా పదిమంది చేతులు వాయించాడు.

ఆ ఏడాది మా వైపు వాళ్ళకి ఇంకో గర్వం కూడా ఉండేది. ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి నెల్లూరు జిల్లా వాకాటి మనిషి. అసెంబ్లీ రౌడీ తీసిన బి.గోపాల్‌ది ప్రకాశం జిల్లా. కూలీ నెం.1 తీసిన సురేష్ ప్రొడక్షన్స్ అధినేత రామానాయుడిది కారంచేడు, అదీ అప్పుడు ప్రకాశమే. ఆ సినిమాతోనే టబు హీరోయినయింది. సెలూన్లో కూర్చున్నవాళ్ళ ధోరణి చూస్తే టబుది కూడా దర్శి తాలూకా అనుకోవాలి. వీళ్ళందరికన్నా మా సోషల్ మాస్టారు ఎక్కువ పొంగిపోయింది ఆదిత్య 369 తీసిన సింగీతం శ్రీనివాసరావుని చూసి. ఆయన పుట్టింది ఉదయగిరిలో. మాస్టారిదీ ఆ పక్క పల్లెటూరే.

ఆదిత్య 369 జులైలో విడుదలై, దసరా సెలవుల్లో మాకు దొరికింది. పోస్టరు మీద కిరీటం పెట్టుకున్న బాలకృష్ణ ఒక పక్క, గుండ్రటి మిషను ఇంకో పక్క. టైమ్ మిషను అంటే ఏందో ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలీదు. వెనక్కి పోతే కృష్ణదేవరాయల కాలం, 1526. ముందుకి పోతే 2504. ఇంత వరకు సెలూన్లో చదివి పెట్టుకున్నాం. సినిమాని సమర్పించింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. ఆయన్ని కూడా నెల్లూరు లెక్కలో వేసుకున్నాం, ఒప్పుకోనివాళ్ళెవరూ లేరు.

మొదటి రోజు మొదటి ఆట. టెంటు నిండిపోయి గోడ మీద కూడా కూర్చున్నారు. మా టెంటుకి ప్రొజెక్టరు ఒకటే. కందుకూరులోలాగా ఒకటి అయిపోయేలోపు ఇంకోటి అందుకోవడం ఉండదు. రీలు అయిపోగానే లైటు వెలుగుతుంది, ఆపరేటరు కొత్త రీలు ఎక్కిస్తాడు, ఈలోపు సోడాలవాడు ఒక చుట్టు చుట్టొస్తాడు. రీళ్ళ డబ్బాల మీద నెంబరు కాగితాలు అతికించి ఉంటాయి. మూడు నెలలుగా ఊళ్ళు తిరిగిన డబ్బాలు, కాగితాలు ఎప్పుడో ఊడిపోయి సుద్దతో రాసిన అంకెలు మిగిలాయి. ఆ సుద్ద ఎవరి చొక్కాకి అంటుకుపోయిందో.

మిషను తిరగడం మొదలైంది. లైట్లు, పొగ, రొద. రీలు అయిపోయింది. సోడా. కొత్త రీలు పడింది. తళతళలాడే గోడలు, ఎప్పుడూ చూడని బట్టలు, తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. మేం నోళ్ళు తెరిచి చూస్తున్నాం. పోస్టరు మీది కిరీటం చూసి వచ్చిన ముసలాయన ఒకడు బెంచీ మీద నుంచి గట్టిగా అడిగాడు.

"రాయలోరు యాడ్రా?"

"మిషను గదా మావా, దారి తప్పుంటది" అన్నాడు నేల మీద నుంచి ఒకడు.

నవ్వులు. కానీ ఎవరికీ అనుమానం రాలేదు. కాలంలో ముందుకీ వెనక్కీ పోయే మిషను ముందు ముందుకి పోయింది, అంతే. పది నిమిషాల పైన ఆ రీలు నడిచాక రిప్రజెంటేటివ్ జనం వైపు నుంచి తెర వైపు తిరిగాడు. లేచాడు. పరిగెత్తాడు. లైటు వెలిగింది. ప్రొజెక్టరు గదిలో ఇద్దరి గొంతులు పోటీ పడ్డాయి. అందులో ఒకటి ఆపరేటరు అమ్మని తలుచుకుంది.

తరవాత సరైన రీలు పడింది. హంపీ, ఏనుగులు, కొలువు, తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్. ముసలాయన చప్పట్లు కొట్టాడు. రాయలవారి కథ అంతా చక్కగా నడిచింది. మళ్ళీ మిషనెక్కి ముందుకి పోయే ఘట్టం వచ్చింది, రీలు అయిపోయింది, లైటు వెలిగింది, ఆ తరవాత చూస్తే కథ ఎక్కడికో గెంతి ఉంది. ఏమైందని అడిగితే ఆపరేటరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఆ రీలు చూశారు గదబ్బా ఇందాక. మళ్ళీ ఎందుకు, రెండో ఆటకి టైమవతంది."

ఎవరూ కాదనలేదు. నిజమే కదా, చూశాం.

రెండో ఆటకి సరిగ్గా వేశారని విన్నాను. రెండో ఆట జనం మాట ఎవరు నమ్ముతారు, సగం మంది సారా తాగి వచ్చేవాళ్ళు. తరవాతి ఏడాది మాకు దగ్గర్లోని దూబగుంట ఆడవాళ్ళు లేచి సారా దుకాణాల మీద పడ్డాకే రెండో ఆటకి ఆడవాళ్ళు ధైర్యంగా రావడం మొదలైంది. అది వేరే కథ, దాన్ని ఇందులో ఇరికించకూడదు.

సెలవులయ్యాక సోషల్ మాస్టారు రాయల పాఠం మొదలుపెట్టాడు. సినిమా ఎంతమంది చూశారని అడిగితే క్లాసంతా చెయ్యెత్తింది. సంతోషంతో ఆయన పుస్తకం మూసేశాడు. 1526 అంటే అటు ఢిల్లీ దగ్గర పానిపట్టులో బాబరు గెలిచిన ఏడాది అన్నాడు. రాయలు గజపతుల నుంచి ఉదయగిరి కోటని పట్టుకుంది 1514లో, ఏడాది పైన ముట్టడి వేస్తే గాని కోట లొంగలేదన్నాడు. అక్కడి గుళ్ళో ఉన్న బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడని చెప్పి, ఒక్క క్షణం ఆగి, తనే నవ్వాడు. "చూశారంట్రా, ఉదయగిరి నుంచి రాయలు బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకుపోతే, ఇప్పుడు ఉదయగిరాయన బాలకృష్ణని రాయలుగా చేసి మళ్ళీ హంపీకి తీసుకుపోయాడు." మాకు అర్థమవడానికి కొంచెం టైం పట్టింది. పట్టాక ఆ క్లాసు ఇంక నడవలేదు.

ఆఖర్లో మా చిన్నాయన కొడుకు లేచి, "కానీ సార్, రాయలోరి కాడికి పోయింది 2504 నుంచి వచ్చాకే గదా" అని అడిగాడు. మాస్టారు కందుకూరులో చూశాడు. "ముందు 1526రా" అన్నాడు. "కాదు సార్" అని క్లాసంతా ఒక్కసారి అరిచాం. నలభైమంది ఒక వైపు, ఆయన ఒక్కడు ఒక వైపు. చాక్‌పీసు చేతిలో పట్టుకుని ఆయన చాలాసేపు తన జ్ఞాపకాన్ని తనే అనుమానించాడు. రీళ్ళ సంగతి తెలిసిన నేను కూడా అరిచాను. ఎందుకో చెప్పలేను.

దసరా పోయాక మా వైపు వానలు, వాయుగుండాలు. సంక్రాంతి దాకా టెంటు మూసేసేవాళ్ళు. సరిగ్గా ఆ అక్టోబరులోనే క్షణక్షణం, రౌడీ అల్లుడు విడుదలయ్యాయి. కాబట్టి అప్పటికి అవి మాకు క్యాసెట్టు రూపంలోనే మిగిలాయి.

జనవరి, ఫిబ్రవరి మాకు బ్యారన్ కాలం. బ్యారన్ అంటే పొగాకు ఆకుని వేడితో ఎండబెట్టే కొట్టం. పచ్చాకు కోసి, కర్రలకి కట్టి, బ్యారన్లో వరసలుగా ఎక్కించి, కింద పొయ్యిలో సరుగుడు మొద్దులు పెట్టి అయిదారు రోజులు రాత్రీ పగలూ మంట ఆపకుండా వెయ్యాలి. వేడి ఎక్కువైనా చేటే, తగ్గినా చేటే. గోడకి చిన్న అద్దం, లోపల వేలాడేసిన థర్మామీటరు, టార్చి వేసి చూడాలి. రాత్రి కాపలా నాయనది. ఆ రోజు ఆయనకి జ్వరం, రెండింటి నుంచి నాలుగింటి దాకా నన్ను కూర్చోబెట్టాడు. తోడుకి టేపురికార్డరు తెచ్చుకున్నాను. అందులో క్షణక్షణం. కీరవాణి మిగతా పాటలన్నీ అయ్యాక సిరివెన్నెల రాసిన జోలపాట వచ్చింది, అడవిలో శ్రీదేవిని నిద్రపుచ్చే పాట. పొయ్యి వెచ్చగా ఉంది, వెనక గోడ వెచ్చగా ఉంది, బయట మంచు. శ్రీదేవి నిద్రపోయిందో లేదో నాకు తెలీదు.

లేచేసరికి నాయన పక్కన నిలబడి ఉన్నాడు. పొయ్యిలో నివురు. ఎండాల్సిన ఆకులో తడి మళ్ళీ పాకి చాలా కర్రలకి ఈనెల పక్కన నల్లబడింది. కొడతాడనుకున్నాను. ఆయన మొద్దులు ఎగదోసి, నిప్పు ఊది, మంట లేపి, ఆ తరవాత టేపురికార్డరు వెనక మూత తీసి సెల్లులు నాలుగూ బయటికి తీశాడు. రెండు టార్చిలో వేసుకున్నాడు, రెండు జేబులో వేసుకున్నాడు.

"ఎవురు పాడిందిరా ఆ పాట?"

"బాలు, చిత్ర."

"బాగా పాడతారు" అని థర్మామీటరు చూడ్డానికి పోయాడు.

ఆ ఆకుకి ఆ ఏడు రేటు రాలేదు. ఆ మాట ప్లాట్‌ఫారం దగ్గర అందరి ముందూ చెప్పి నవ్వేవాడు, "మావాణ్ణి శ్రీదేవి నిద్రపుచ్చింది" అని. సినిమా టెంటుకొచ్చింది మే నెలలో. రాంగోపాల్‌వర్మ, వెంకటేష్, అడవి, డబ్బు సంచీ అన్నీ బాగున్నాయి. నాయన కూడా వచ్చాడు. ఆ పాట వచ్చినప్పుడు నా వైపు తిరిగి చూస్తాడని బెంచీ మీద బిగుసుకుని కూర్చున్నాను. చూళ్ళేదు. ఆయనే నిద్రపోతున్నాడు. నా లెక్కలో 1991 అయిపోయింది ఆ రాత్రే.

టెంటు ఎప్పుడు పోయిందో నాకు సరిగ్గా గుర్తు లేదు, అప్పటికి నేను నెల్లూరులో హాస్టల్లో ఉన్నాను. ఇప్పుడక్కడ వడ్లు ఆరబోసుకుంటున్నారు. సూళ్ళూరుపేట దగ్గర వందడుగులు దాటిన తెరతో హాలు కట్టారంటే పిల్లల్ని తీసుకుని పోయి చూసొచ్చాను. చాలా పెద్దది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటాడు, ఎవరూ ఎవరి కుప్పనీ తవ్వరు.

2025 ఏప్రిల్లో ఆదిత్య 369 మళ్ళీ థియేటర్లకి వచ్చింది. నెల్లూరులో మా అమ్మాయిని తీసుకుని పోయాను. తెర మీద ఒక్క గీత లేదు. సింగీతం పేరు పడ్డప్పుడు ఈల వేద్దామనుకున్నాను, పక్కన అమ్మాయి ఉంది, ఊరుకున్నాను. మిషను తిరగడం మొదలైంది. లైట్లు, పొగ, రొద. నేను సోడా కోసం చూసే అలవాటులో పక్కకి తిరిగాను. మళ్ళీ తెర చూసేసరికి హంపీ వచ్చేసింది.

బయటికొచ్చాక మా చిన్నాయన కొడుక్కి ఫోన్ చేశాను. చెన్నైలో ఉంటాడు, మనవడు కూడా పుట్టాడు.

"రీళ్ళు వరసగా ఏశారా?" అన్నాడు.

"ఏశార్రా."

"2504ది ఎన్నిసార్లు ఏశారు?"

"ఒకసారే."

"మనకీ ఒకసారేగా" అన్నాడు.